పాత పంప్ యాక్షన్ షాట్‌గన్‌లో తూటా అందకపోతే: శుభ్రం చేయడమా, స్ప్రింగ్ మార్చడమా, కొక్కేలు మార్చడమా?

పంప్ యాక్షన్ షాట్‌గన్‌లో ముందుచెక్కను ఒక్కసారి వెనక్కి లాగి ముందుకు తోసేలోపు కాలిన డొల్ల బయటపడాలి, తూటాలు నిలవ ఉండే మ్యాగజైన్ గొట్టం ఒకే ఒక తూటాను వదలాలి, క్యారియర్ అనే పలక దాన్ని పైకెత్తాలి, బోల్ట్ దాన్ని ఛాంబర్‌లోకి, అంటే తూటా పేలే గదిలోకి నెట్టాలి. ఈ వరుస ఎక్కడ తెగిందో తేల్చుకోకుండా కొత్త భాగాలు కొనడం డబ్బు దండగ. ఛాంబర్‌నూ మ్యాగజైన్‌నూ పూర్తిగా ఖాళీ చేసి, మందులేని డమ్మీ తూటాలతో నెమ్మదిగా ఆడించి చూస్తే లోపం తనంతట తానే బయటపడుతుంది.

తూటా గొట్టంలోంచి అసలు రాకపోయినా, సగం వచ్చి ఆగినా తప్పు మ్యాగజైన్ వైపే ఉంటుంది. ఏళ్ల తరబడి గట్టిపడిన నూనె, తుప్పు, గొట్టానికి పడిన చిన్న సొట్ట, వేట నిబంధనల కోసం లోపల పెట్టిన చెక్క ముక్క ఉబ్బడం, వీటిలో ఏదైనా ఫాలోవర్‌ను, అంటే స్ప్రింగ్ ముందు ఉండి తూటాలను నెట్టే బిళ్లను, పట్టేయగలదు. ఇక్కడ శుభ్రం చేయడమా, స్ప్రింగ్ మార్చడమా అంటే మొదటిదే ముందు చేయాలి, ఎందుకంటే మురికి గొట్టంలో కొత్త స్ప్రింగ్ కూడా కొన్నాళ్లకే తడబడుతుంది. బయటికి తీసిన స్ప్రింగ్ గొట్టం కంటే స్పష్టంగా పొడవుగా లేకపోతే అది అలసిపోయిందని భావించి మార్చడం మంచిది. చవకగా దొరికే ఈ భాగాన్ని సొంతంగానే మార్చుకోవచ్చు, కాకపోతే మూత విప్పేటప్పుడు స్ప్రింగ్ ఎగిరి ముఖానికి తగలకుండా చూసుకోవాలి.

రెండు తూటాలు ఒకేసారి బయటికి వస్తే విషయం వేరు. అప్పుడు అనుమానించాల్సింది తూటాలను ఆపే కొక్కేలను. ఒకటి ముందున్న తూటాను వదులుతుండగా రెండవది వెనకున్నదాన్ని పట్టి ఉంచాలి; వాటి అంచులు అరిగితే స్ప్రింగ్ ఎంత బలంగా ఉంటే ఇబ్బంది అంత పెరుగుతుంది. 1960ల ఆరంభంలో వచ్చిన మాస్‌బర్గ్ 500లో ట్రిగ్గర్ భాగాన్ని తీయగానే ఇవి చేతికి వచ్చేస్తాయి కనుక ఇంట్లోనే మార్చడంలో తప్పు లేదు. 1950లో వచ్చిన రెమింగ్టన్ 870లో మాత్రం ఇవి రిసీవర్ (ఈ భాగాలన్నిటినీ పట్టి ఉంచే తుపాకీ నడిమి పెట్టె) గోడకు లోహాన్ని నొక్కి బిగించి ఉంటాయి. సరైన పనిముట్టు లేకుండా సుత్తి, ఉలి పట్టుకుంటే రిసీవరే పాడవుతుంది గనుక ఆ పని నిపుణుడికే అప్పగించాలి.

పాత 870లలో మరో చిక్కు ఉంది. కొక్కెం దాటి జారిన తూటా క్యారియర్‌కూ బోల్ట్‌కూ మధ్య ఇరుక్కుంటే తుపాకీ మొత్తం బిగుసుకుపోతుంది. దీనికి విరుగుడుగా తర్వాతి క్యారియర్లకు వంగే నాలుకను చేర్చారు, కానీ దాన్ని పాత తుపాకీకి అమర్చాలంటే బోల్టూ దాని కింది స్లయిడూ కూడా దానికి తగినవే కావాలి. అంత ఖర్చు పెట్టేకంటే కొక్కేన్ని సరిచేయించడమే నాకు సబబుగా తోస్తుంది, ఎందుకంటే నాలుక ఇరుక్కున్న తూటాను వదిలించడానికే పనికొస్తుంది, అది జారకుండా ఆపలేదు.

అరిగిన కొక్కేన్ని వంచి, ఆకురాయితో గీసి సరిచేసే పాత పద్ధతినీ కొందరు మెచ్చుకుంటారు. భాగం దొరికే తుపాకీకి దాన్ని నేను ఒప్పుకోను, ఎందుకంటే ఒకసారి ఎక్కువగా గీస్తే తిరిగి చేర్చడానికి లోహం ఉండదు. అయితే 1957లో ఉత్పత్తి ఆగిపోయిన వించెస్టర్ 1897 విషయంలో కొత్త కర్మాగార భాగాల మీద ఆశ పెట్టుకోలేం. అక్కడ పాత తుపాకీ నుంచి తీసిన కొక్కేన్ని అనుభవం ఉన్న చేయి నెమ్మదిగా సరిపెట్టడమే దారి, ఆ భాగం కూడా ఎంత అరిగిందో ముందే చూసుకోవాలి.

తూటా క్యారియర్ మీదికి సరిగా వచ్చి ఛాంబర్ దగ్గర ఆగితే, భాగాలను నిందించే ముందు ఛాంబర్ తుప్పునూ తూటా పొడవునూ చూడాలి. కొన్ని పాత 16 గేజ్ (గొట్టం లోపలి వెడల్పు కొలత) తుపాకుల ఛాంబర్ పొడవు దాదాపు 65 మిల్లీమీటర్లే. దాంట్లో 70 మిల్లీమీటర్ల తూటాను బలవంతంగా నెట్టి పేల్చడం ఫీడింగ్ లోపం కంటే ఎంతో ప్రమాదకరం.