సైకిల్ పిల్లలకు వింగేట్ మేలా, మెట్ల పరుగు మేలా?

నల్లగొండలో పొద్దున్నే సైకిల్ వేసుకుని సాగర్ రోడ్డెక్కే పిల్లలు నన్ను ఎప్పుడూ అడిగేది ఒకటే, "అన్నా, నా స్ప్రింట్ పవర్ ఎంతుందో ఎట్ల తెలుస్తది?"

నా ఓటు వింగేట్ టెస్టుకే. 1970లలో ఇజ్రాయెల్‌లోని వింగేట్ ఇన్‌స్టిట్యూట్‌లో తయారైంది. ల్యాబ్ సైకిల్‌కు ఒంటి బరువులో కిలోకు 75 గ్రాముల లెక్కన లోడ్ పెట్టి, అంటే 60 కిలోల పిల్లాడికి నాలుగున్నర కిలోలు, 30 సెకన్లు ఒంట్లో ఉన్నదంతా పెట్టి తొక్కించాలి. పీక్ పవర్ (అన్నిటికంటే ఎక్కువ వచ్చిన పవర్), మొత్తం సగటు, చివరికి ఎంత పడిపోయిందీ అన్నీ తెలుస్తాయి. నాకు ఆ మూడోదే ముఖ్యం. మొదట్లో దూసుకుపోయి సగంలో కాళ్లు బిగుసుకునేవాడికీ, కాస్త తక్కువతో మొదలుపెట్టి చివరిదాకా నిలబడేవాడికీ సగటు ఒకటే రావచ్చు, కానీ ఇద్దరికీ ఒకే ట్రైనింగ్ ఇస్తే తప్పే.

మెట్ల టెస్టు, అదే మార్గేరియా-కాలమెన్, చూడ్డానికి ఖర్చు లేనిది. ఆరు మీటర్ల నుంచి పరుగెత్తుకొచ్చి మూడేసి మెట్లు ఎక్కుతూ, మూడో మెట్టు నుంచి తొమ్మిదో మెట్టుకు పట్టిన టైమ్ తీసుకోవాలి. అసలు చిక్కు ఆ టైమ్‌తోనే. ఆ ఎత్తు 105 సెంటీమీటర్లు అనుకుంటే, 60 కిలోల పిల్లాడికి 0.5 సెకను పడితే 1236 వాట్లు, 0.6 పడితే 1030. చేతి స్టాప్‌వాచ్ నొక్కడంలోనే ఆ తేడా వచ్చేస్తుంది, కాలు పడగానే టైమ్ పట్టే సెన్సర్ మ్యాట్లు లేకుండా ఆ అంకెను నేను నమ్మను.

35 మీటర్లు ఆరుసార్లు, మధ్యలో 10 సెకన్ల విరామంతో ఉరికించే రాస్ట్ టెస్టు గ్రౌండ్ ఉంటే చాలు, కబడ్డీ, ఫుట్‌బాల్ పిల్లలకు బాగుంటుంది. కానీ పరుగు వేరు, పెడల్ వేరు. నిలువు జంప్ కూడా అంతే, పేలుడు బలం తెలుస్తుంది, ఓపిక తెలియదు.

మరి ల్యాబ్ దగ్గర్లో లేకపోతే? తొక్కే బలాన్ని వాట్లలో చూపే పవర్ మీటర్ అరువు దొరికితే, ఇంట్లో సైకిల్‌ను ట్రైనర్‌కు, అంటే ఉన్నచోటే తొక్కే స్టాండ్‌కు, బిగించి 30 సెకన్లు తొక్కండి. అదీ లేకపోతే లారీలు తిరగని చదును రోడ్డు మీద 200 మీటర్లు కొలుచుకుని, నిలబడ్డచోటి నుంచి, ప్రతిసారీ అదే గేరు, అదే టైర్ గాలితో, పోయేటప్పుడొకసారి, బాగా రెస్టు తీసుకున్నాక వచ్చేటప్పుడొకసారి టైమ్ తీసుకోండి, గాలి ప్రభావం చాలావరకు తగ్గుతుంది. వాట్లు రావు, పోయిన నెల మీకూ ఈ నెల మీకూ తేడా మాత్రం కనిపిస్తుంది. ఎండాకాలంలో పొద్దున ఆరు దాటకముందే ముగించండి. అయిపోగానే దిగి కూర్చోవద్దు, కళ్లు తిరుగుతాయి, రెండు మూడు నిమిషాలు మెల్లగా తొక్కుతూనే ఉండండి.