గుండె దడకు ఎవరు మేలు: దగ్గర్లోని కార్డియాలజిస్టా, దూరంగా ఉన్న ఈపీ డాక్టరా?

నాకు ఎబ్లేషన్ (గుండెలోకి వైరు పంపి దడ పుట్టించే చోటును కాల్చేసే చికిత్స) అయిందని తెలిసినప్పటి నుంచి పలకరించిన వాళ్లలో సగం మంది ఇదే అడుగుతున్నారు. "మా కార్డియాలజిస్టు బాగానే చూస్తారు. ఆయన దగ్గరే ఉండిపోమంటారా, ఈపీకి చూపించుకోమంటారా?" ఈపీ అంటే ఎలక్ట్రోఫిజియాలజిస్టు, గుండె లయ తప్పే జబ్బులను ప్రత్యేకంగా చూసే కార్డియాలజిస్టు. ఇద్దరి దగ్గరా ఏళ్ల తరబడి తిరిగినదాన్ని కాబట్టి నా లెక్క చెబుతాను.

ముందు కార్డియాలజిస్టు సంగతి. మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న ఆయన్ని నేను తక్కువ చేసి మాట్లాడలేను. నా బీపీ చరిత్ర అంతా ఆయనకు కంఠతా వచ్చు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పైగదులు తూకం లేకుండా కొట్టుకునే జబ్బు) ఉన్నవాళ్లకైతే ఈ దగ్గరితనమే సగం వైద్యం. అందులో దడకంటే పెద్ద భయం పక్షవాతం. ఆ పైగదులు సరిగ్గా ముడుచుకోకపోతే అక్కడ రక్తం గడ్డకడుతుంది, ఆ గడ్డ మెదడుకు చేరితే ప్రమాదం. రక్తం పలచబరిచే మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది వయసు, బీపీ, షుగర్, గతంలో వచ్చిన పక్షవాతం లాంటివి చూసి తేలుస్తారు. ఆ లెక్క కార్డియాలజిస్టులందరికీ తెలిసిందే, దానికోసం ఈపీ దాకా పోనక్కర్లేదు. ఆ మాత్రల్లో వార్ఫరిన్ వాడేవాళ్లలో చాలామంది ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) 2కి 3కి మధ్య ఉందో లేదో మాటిమాటికీ చూపించుకోవాలి. దూరాన ఉన్న స్పెషలిస్టుతో అది అయ్యే పని కాదు.

మరి ఆయన దగ్గర నాకెందుకు కుదరలేదంటే, నా దడ ఏనాడూ ఆయన కళ్లపడలేదు. రెండు నెలలకోసారి వచ్చేది, అరగంట ఉండేది, నేను ఆటో దిగి మెట్లెక్కేసరికి పోయేది. ఈసీజీ నార్మల్, ఎకో నార్మల్. ఒకసారి హోల్టర్ (24 గంటలు ఒంటి మీదే ఉండి ఈసీజీ రాసుకునే చిన్న మిషన్) పెట్టారు. రెండు నెలలకోసారి వచ్చే చుట్టం సరిగ్గా ఆ రోజే ఎందుకొస్తాడు? అదీ నార్మలే. "టెన్షన్ తగ్గించుకోండమ్మా" అన్నారు. నాలుగేళ్లు తగ్గించుకుంటూనే ఉన్నాను.

ఈపీ డాక్టరు ఆ రిపోర్టుల కట్ట వెంటనే తెరవలేదు. "స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా మొదలవుతుందా, మెల్లగా పెరుగుతుందా? పోయేటప్పుడు ఎలా పోతుంది?" అని అడిగారు. తర్వాత, "ఆ దడ ఎలా ఉంటుందో టేబుల్ మీద వేలితో కొట్టి చూపించండి" అన్నారు. నేను టకటకటకా ఒకే తూకంలో కొట్టాను. ఆవిడ కాసేపు విని, తనూ పెన్నుతో అదే వేగంలో కొట్టి, "ఇలాగేనా, మధ్యలో ఎక్కడా తప్పకుండా?" అన్నారు. నాలుగేళ్లలో నా దడను ఇంకొకరు విన్నది అదే మొదలు.

టెన్షన్‌కు వచ్చే దడ సాధారణంగా మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుందట. ఉన్నట్టుండి మొదలై, ఉన్నట్టుండి ఆగి, మధ్యలో తూకం తప్పకుండా కొట్టుకునేది ఎస్వీటీ అనే రకం కావచ్చట. తూకమే లేకుండా ఎగుడుదిగుడుగా కొడితే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను అనుమానించాలి. అయినా ఆవిడ అప్పుడే మందు రాయలేదు. "ఈసారి వస్తే నా దాకా రావద్దు. దగ్గర్లో ఎక్కడ ఈసీజీ మిషన్ ఉంటే అక్కడికి పరిగెత్తండి. ముందు కాగితం, తర్వాతే ఏదైనా" అన్నారు.

నా దృష్టిలో తేడా అంతా ఇక్కడే. పేరు పక్కన ఎన్ని డిగ్రీలున్నాయన్నది నేను చూడను. దడను కాగితం మీద పట్టుకునేదాకా వదలని డాక్టరా, నార్మల్ ఈసీజీ చూసి ఫైలు మూసేసే డాక్టరా అన్నదే చూస్తాను. దడ రోజూ వస్తే హోల్టర్ చాలు. వారానికోసారి వస్తే ఒంటికి అంటించే ప్యాచ్‌తో పద్నాలుగు రోజుల దాకా చూడొచ్చు. ఎప్పుడో ఒకసారి వచ్చి స్పృహ తప్పిస్తుంటే చర్మం కింద చిన్న రికార్డరు పెడతారు. దడ ఎన్నాళ్లకోసారి వస్తుందో అడగకుండా పరీక్ష రాసే డాక్టరు దగ్గర ఇంకో నాలుగేళ్లు పోతాయి.

తమాషా ఏమిటంటే, చివరికి నా దడ దొరికింది ఈపీ దగ్గర కాదు, పది నిమిషాల దూరంలోని కార్డియాలజిస్టు క్లినిక్కులోనే. ఆయన ఇంకా రాలేదు, నర్సే గబగబా ఈసీజీ తీసింది. నిమిషానికి 186. ఆ కాగితం లేకపోతే ఎబ్లేషన్ మాట ఇంకా ఎంత వెనక్కి పోయేదో.

ఈపీల మీద ఒక ఫిర్యాదు తరచూ వింటాను, "వాళ్ల దగ్గరికి పోతే వైరు వేయకుండా వదలరు" అని. పూర్తిగా అబద్ధం అనను. అందుకే నేను అడిగిన మొదటి ప్రశ్న, "చేయించుకోకపోతే ఏమవుతుంది?" గుండె మామూలుగా ఉన్నవాళ్లకు ఎస్వీటీ రకం దడ సాధారణంగా ప్రాణం మీదికి రాదని, మాత్రలతో నెట్టుకురావచ్చని, చేయిస్తే నూటికి 95 మందికి పైగా నయమవుతుందని, నూటికి ఒకరికో అంతకంటే తక్కువమందికో పేస్‌మేకర్ అవసరం పడొచ్చని, ఇది కూడా అడగకముందే చెప్పారు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఎబ్లేషన్‌కు ఇంత గట్టి హామీ ఇవ్వలేమని, కొందరికి రెండోసారి చేయాల్సి రావచ్చని కూడా అన్నారు. ఆ జవాబుతోనే నమ్మకం కుదిరింది.

ఎక్టోపిక్స్ (మధ్యలో ముందుగానే పడే అదనపు దెబ్బలు, మనకు మాత్రం ఒక దెబ్బ తప్పినట్టుంటుంది) ఉన్నవాళ్లు మాత్రం ఈపీ కోసం హడావిడి పడక్కర్లేదు. హోల్టర్‌లో రోజు మొత్తం దెబ్బల్లో ఇవి పదోవంతు దాటితే అప్పుడు ఆలోచించాలి. మాత్ర రాయలేదని డాక్టరు మీద అలగొద్దు కూడా. గుండెపోటు వచ్చినవాళ్లలో ఈ అదనపు దెబ్బలను కొన్ని మందులు చక్కగా అణిచాయి గానీ, ఆ మందులు వేసుకున్నవాళ్లలోనే చావులు ఎక్కువయ్యాయని 1989లో క్యాస్ట్ అనే పెద్ద అధ్యయనంలో బయటపడింది.

థైరాయిడ్, పొటాషియం పరీక్షలు రాయడానికి ఫ్యామిలీ డాక్టరు చాలు. ఈసీజీ తీసే స్మార్ట్ వాచీ ఉంటే మంచిదే, అది చెప్పే పేరు వదిలేసి ఆ గ్రాఫు దాచుకోండి. దడతో పాటు స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి వచ్చినా ఎవరు మేలు అని ఆలోచించకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లు ఇంట్లో ఉంటే నేరుగా ఈపీకే చూపించుకోవాలి.

నేనిప్పుడు బీపీకి మా కార్డియాలజిస్టు దగ్గరికే వెళ్తున్నాను. నా 186 కాగితం ఆయన ఫైల్లోనే ఉంది. మొన్న తీసి చూస్తే గీతలు సగం వెలిసిపోయాయి, అది థర్మల్ కాగితం కదా. మీది చేతికి రాగానే ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి.