వెంటాయ్ పెన్‌డ్రైవ్, మూడేళ్ల తర్వాత: ఎఫ్4 ఉందని నాకెవరూ చెప్పలేదు

వెంటాయ్ అంటే ఒకే పెన్‌డ్రైవ్ నుంచి ఎన్నో ఆపరేటింగ్ సిస్టమ్‌లను బూట్ చేయించే సాఫ్ట్‌వేర్, దాని గురించి కొత్తగా చెప్పేదేం లేదు. పెన్‌డ్రైవ్‌లోకి ఒకసారి ఎక్కించాక ఐఎస్ఓ ఫైళ్లను (ఒక సిస్టమ్ మొత్తం ఒకే ఫైలుగా ఉండేవి) పాటలు కాపీ చేసుకున్నట్టు కాపీ చేసుకుంటూ పోవడమే, బూట్ చేస్తే లిస్ట్ వస్తుంది, కావలసిందాని మీద ఎంటర్ కొడతాం. ఇవన్నీ అందరూ రాశారు. మూడేళ్ల కింద నేనూ మా డీటీపీ వాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో ఇవే రాసి పది మందికి అంటగట్టాను. ఇప్పుడు రాస్తున్నది దాని గురించి కాదు. మెనూ అడుగున సన్నటి అక్షరాల్లో ఎఫ్1, ఎఫ్2 అంటూ ఒక వరస ఉంటుంది చూడండి, అందులో ఎఫ్4 గురించి. మూడేళ్లు కళ్లముందే ఉంది, ఒక్కసారి నొక్కిన పాపాన పోలేదు.

నా మెషీన్ సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. హనుమకొండ నయీంనగర్‌లో చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు నాది. టేబుల్ మీద ఉన్నది మూడో తరం ఐ3 డెస్క్‌టాప్, పాత బయోస్ (ఆన్ చేయగానే మెషీన్‌ను లేపే మదర్‌బోర్డ్ సాఫ్ట్‌వేర్), ఎంబీఆర్ అనే పాత పద్ధతి డిస్క్. ఒకదాంట్లోనే రెండు సిస్టమ్‌లు ఎందుకంటే పెండ్లి పత్రికల కోసం. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో, మా లైన్‌లో ఇప్పటికీ అదే అన్నం పెడుతోంది. అను ఫాంట్స్‌తో కొట్టిన పాత ఫైళ్లు వేలల్లో ఉన్నాయి, అవి యూనికోడ్ కాదు కాబట్టి ఆ ఫాంట్స్ లేని చోట తెరిస్తే అంతా పిచ్చి గీతలే. అందుకని విండోస్ 10 తీసే మాటే లేదు. ఈ ప్రాసెసర్ మీద 11 అధికారికంగా ఎక్కదు, 10కేమో 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. అందుకే నెట్, బ్యాంకు, మెయిళ్లు అన్నీ ఉబుంటు 22.04 అనే లైనక్స్‌లో, పత్రికలు విండోస్‌లో. పొద్దున ఆన్ చేయగానే గ్రబ్ (ఏ సిస్టమ్ లేవాలో అడిగి దాన్ని లేపే బూట్ లోడర్) మెనూలో ఏది కావాలో ఎంచుకుంటాను, ఇన్నేళ్లలో అదో పని అని కూడా అనిపించలేదు.

ఎండాకాలంలో ఒక రాత్రి. పరకాల నుంచి ఒక పెద్దాయన, బిడ్డ పెండ్లి, ఐదు వందల పత్రికలు. ప్రూఫ్ మూడుసార్లు చూసి ఓకే అన్న మనిషి రాత్రి ఏడున్నరకు ఫోన్ చేశాడు. "తమ్మీ, పిల్ల చిన్న మేనమామ పేరు పడలె. గది లేకుంటే ఇంట్ల లొల్లి అయితది, జర ఎక్కియ్యి." పొద్దున తొమ్మిదింటికి ఫైలు ప్రెస్‌లో ఉండాలి. ఒక్క లైను పని. నేనప్పుడు ఉబుంటులో ఉన్నాను, అప్‌డేట్‌లు రెండు వారాల నుంచి పెండింగ్. అవి నడుస్తుంటే చాయ్ తాగొచ్చి, రీస్టార్ట్ చేసి విండోస్‌లోకి పోదామనుకున్నాను. ఆ లిస్ట్‌లో గ్రబ్ కూడా ఉందని చూడలేదు, చూసినా ఆపేవాణ్ని కాదేమో.

చాయ్ సగంలో ఉండగానే గాలిదుమారం లేచింది. బోర్డులు టపటపా కొట్టుకుంటున్నాయి, రోడ్డు మీద దుమ్ము తప్ప ఏమీ కనపడట్లేదు, కరెంటు పోయింది. పోతే పోయింది, యూపీఎస్ ఉంది కదా అని పరుగెత్తాను. యూపీఎస్ కీ...మని ఒక్క కూత కూసి ఆరిపోయింది. దాని బ్యాటరీ సంక్రాంతికే పోయింది, మారుద్దాం మారుద్దాం అంటూ నేనే వాయిదా వేశాను.

ముప్పావుగంటకు కరెంటు వచ్చింది. ఆన్ చేస్తే నల్లటి స్క్రీన్, దాని మీద రెండే లైన్లు: నార్మల్ డాట్ మాడ్ అనే ఫైలు దొరకలేదని ఒకటి, గ్రబ్ రెస్క్యూ అని ఇంకొకటి, పక్కన కర్సర్ కొట్టుకుంటోంది. విండోస్ లేదు, ఉబుంటు లేదు. ఇదే యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చింది) ఉన్న కొత్త లాప్‌టాప్ అయితే ఎఫ్12తోనో ఎఫ్9తోనో బూట్ మెనూ తెరిచి నేరుగా విండోస్‌ను పట్టుకోవచ్చు. పాత ఎంబీఆర్ మెషీన్లో ఆ వసతి లేదు. డిస్క్ మొదట్లో గ్రబ్ కూర్చుని ఉంటుంది, అది లేచి దారి చూపిస్తేనే ఇద్దరిలో ఎవరైనా లేచేది. అది మంచాన పడితే ఇద్దరూ పడ్డట్టే.

ఫోన్లో వెతికితే ప్రతి చోటా ఒకటే మందు: రెస్క్యూలో పార్టిషన్లు చూసుకో, ప్రిఫిక్స్ సెట్ చెయ్యి, నార్మల్ మాడ్యూల్ లోడ్ చెయ్యి. చేశాను. పార్టిషన్లు కనపడ్డాయి, ఐదోదాంట్లో నా ఉబుంటు ఉంది, దారి సరిగ్గానే పెట్టాను, అయినా ఫైలు దొరకలేదనే అంటోంది. గ్రబ్ దారి తప్పినప్పుడు ఆ మందు పని చేస్తుంది. నా దగ్గర ఫైలే లేదు. గ్రబ్ తన మాడ్యూళ్లను కొత్తగా రాసుకునే సమయానికి కరెంటు పోయింది, పాతవి తీసేసింది, కొత్తవి పూర్తిగా పడలేదు. ఈ తేడా అర్థం కావడానికి నాకు గంట పట్టింది, ఆ గంటలో పెద్దాయన రెండుసార్లు ఫోన్ చేశాడు.

తెలిసిన రిపేర్ తమ్ముడికి చేస్తే, "అన్నా, ఫార్మాట్ కొట్టుడే, రేపు పొద్దున తీస్కరా" అన్నాడు. అతని తప్పేం లేదు, ఆ వేళప్పుడు ఎవరైనా అదే అంటారు. కానీ పత్రిక ఫైలు ఆ డిస్క్‌లోనే ఉంది. ప్రూఫ్ పీడీఎఫ్ నా ఫోన్లో ఉంది గానీ పేజ్‌మేకర్ ఫైలు కాపీ ఎక్కడా లేదు. పీడీఎఫ్‌లో మేనమామ పేరు ఎక్కించలేను కదా.

అప్పుడు గుర్తొచ్చింది తాళాల గుత్తికి వేలాడుతున్న పెన్‌డ్రైవ్. అనుకున్నదేంటంటే, ఉబుంటు ఐఎస్ఓతో లైవ్‌లోకి (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఉబుంటులోకి) వెళ్లి గ్రబ్‌ను మళ్లీ ఎక్కించాలి, కుదరకపోతే కనీసం ఫైలు బయటికి లాగి ఎవరి షాపుకైనా పరుగెత్తాలి. వెంటాయ్ మెనూ వచ్చింది. ఐఎస్ఓల లిస్ట్‌లో కిందికి దిగుతుంటే కన్ను అడుగు వరస మీద పడింది. ఎఫ్4, లోకల్‌బూట్. ఇదేంటబ్బా అని నొక్కాను. ఇంకో చిన్న మెనూ తెరుచుకుంది, అందులో డిస్క్‌లో విండోస్‌ను వెతికి బూట్ చేసే లైను ఒకటి ఉంది. ఎంటర్ కొట్టాను. నాలుగైదు సెకన్లు నలుపు. తర్వాత విండోస్ గుర్తు, దాని కింద తిరిగే చుక్కలు.

నిజం చెప్తున్నాను, కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. గ్రబ్ అలాగే విరిగి ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆ పెన్‌డ్రైవ్ గ్రబ్‌ను పక్కకు నెట్టి, విండోస్ సొంత లోడర్‌ను తనే వెతికి పట్టుకుని దానికి పని అప్పజెప్పింది. కమాండ్ లేదు, పార్టిషన్ నంబర్ లేదు. పేజ్‌మేకర్ తెరిచి, మేనమామల వరస ఒక పాయింట్ తగ్గించి చిన్న మేనమామను ఇరికించి, పది దాటాక పెద్దాయనకు వాట్సాప్‌లో పంపాను. "సల్లగుండు బిడ్డా" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు.

ఆ ఊపులో నేను రెండు రోజులు గ్రబ్ జోలికే పోలేదు. పెన్‌డ్రైవ్ పెట్టుడు, ఎఫ్4 నొక్కుడు, పని చేసుకునుడు. ఇంత సుఖంగా ఉంటే రిపేర్ ఎందుకు అనిపించింది. మూడో రోజు పొద్దున చుట్టాలను రైలెక్కించడానికి కాజీపేట పోయాను, షాపు మా ఆవిడ తెరిచింది. ప్లాట్‌ఫామ్ మీద ఉండగా ఫోన్: కంప్యూటర్ నల్లగా ఉందట, ముందర నలుగురు నిలబడ్డారట. తాళాల గుత్తి నా జేబులో ఉంది. ఆమె డూప్లికేట్ తాళంతో షట్టర్ తెరిచింది, పెన్‌డ్రైవ్‌కు డూప్లికేట్ లేదు. కాబట్టి ఎఫ్4 గురించి పైన పొగిడిందాంట్లో కొంచెం తగ్గించుకోండి, అది గండం గట్టెక్కించడానికే, రోజూ నడవడానికి కాదు.

ఆదివారం కూర్చుని రిపేర్ చేశాను, అది కూడా అదే పెన్‌డ్రైవ్‌లోని ఉబుంటు ఐఎస్ఓ నుంచి. ఇది అందరికీ తెలిసిన పనే కాబట్టి ఎక్కువ రాయను: లైవ్‌లోకి వెళ్లి ఉబుంటు పార్టిషన్‌ను మౌంట్ చేసి, డెవ్, ప్రాక్, సిస్‌లను దానికి బైండ్ చేసి, క్రూట్ కొట్టి లోపలికి వెళ్లడం, మధ్యలో ఆగిన ప్యాకేజీలను డీపీకేజీ కాన్ఫిగర్‌తో పూర్తి చేయడం, ఆ తర్వాత గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్. నేను రెండు చోట్ల తన్నుకున్నాను. ఒకటి, గ్రబ్-ఇన్‌స్టాల్‌కు పార్టిషన్ ఇచ్చాను, అంటే ఎస్‌డిఎ5. ఇవ్వాల్సింది మొత్తం డిస్క్, ఎస్‌డిఎ, వెనక అంకె ఉండొద్దు. రెండోది, అంతా సక్సెస్ అన్నాక రీస్టార్ట్ చేస్తే మెనూలో ఉబుంటు ఒక్కటే ఉంది, విండోస్ మాయం. గుండె మళ్లీ జారింది. తీరా చూస్తే, 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి పక్క సిస్టమ్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్‌ను మామూలుగా ఆపి ఉంచుతున్నారు, అప్‌డేట్-గ్రబ్ కొట్టినప్పుడు ఆ హెచ్చరిక స్క్రీన్ మీదే వచ్చింది, నేను చదవలేదు. గ్రబ్ డిఫాల్ట్ ఫైల్లో ఆ డిజేబుల్ లైనును ఫాల్స్ చేసి మళ్లీ అప్‌డేట్-గ్రబ్ కొడితే విండోస్ వచ్చి కూర్చుంది. మొత్తం నలభై నిమిషాలు పట్టింది, సరిగ్గా చదివి ఉంటే పదిహేనుకు అయ్యేది.

మరుసటి రోజు ఇంకో చిత్రం. పొద్దున పదింటికి కొట్టిన బిల్లు మీద నాలుగున్నర అని ప్రింటయింది. లైనక్స్ మదర్‌బోర్డ్ గడియారంలో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) రాస్తుంది, విండోస్ దాన్నే లోకల్ టైమ్ అనుకుని చదువుతుంది, మన దగ్గర ఆ తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. డ్యూయల్ బూట్ పెట్టిన కొత్తలో ఉబుంటు వైపు దీన్ని సరిచేసుకున్నాను, కానీ ఆదివారం నడిపింది లైవ్ ఉబుంటు, దానికి నా సెట్టింగ్ ఏం తెలుసు. టైమ్ సింక్ కొడితే సర్దుకుంది. తెల్లవారుజామున జిరాక్స్ తీసిన షాపు అని ఒక కస్టమర్ నవ్విపోయాడు.

ఇప్పుడు గ్రూప్‌లో అప్పట్లో నేను రాసిన 'పెట్టుడు, ఎక్కుడు, అంతే' అన్న మాట దగ్గరికొస్తాను. పాత మెషీన్లలో అది నిజం. కొత్తవాటిలో అంత కాదు. బావమరిది కొత్త లాప్‌టాప్‌లో ఈ పెన్‌డ్రైవ్ పెడితే సెక్యూర్ బూట్ (తనకు తెలిసిన సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను బూట్ కానివ్వని కాపలా) ఒప్పుకోలేదు. పద్ధతిగా అయితే అప్పుడు వచ్చే నీలి స్క్రీన్‌లో కీ ఎన్‌రోల్ చేయమన్న దారిలో వెళ్లి, వీటాయ్ఈఎఫ్ఐ పార్టిషన్‌లో ఉన్న సర్టిఫికెట్ ఫైలును ఎంచుకోవాలి. ఆ మెషీన్‌కు ఒక్కసారి చేస్తే చాలు. నేనేం చేశాను, ఓపిక లేక బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్‌నే ఆఫ్ చేశాను. తర్వాత విండోస్ తెరవబోతే డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ అడిగింది, 48 అంకెలు. "బావా, గిదేంది, పొద్దున మంచిగనే ఉండె" అన్నాడు. సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చేసి, అతని అకౌంట్లో కీ ఉందేమో అని ఫోన్లో వెతికి, అంకెలు ఒక్కొక్కటి కొట్టి బయటపడేసరికి చెమటలు పట్టాయి. తప్పు వందశాతం నాదే. బిట్‌లాకర్ ఉన్న మెషీన్‌లో ఆ కీ చేతిలో పెట్టుకోకుండా బయోస్ ముట్టుకోకూడదు.

ఇంకా రెండు ముక్కలు. వెంటాయ్ ఓపెన్ సోర్సే, కానీ దాని సోర్స్‌లో ముందే తయారుచేసి పెట్టిన బైనరీ ఫైళ్లు (లోపల ఏముందో చదవలేనివి) ఉన్నాయని కొందరు చాలాకాలంగా అభ్యంతరం చెబుతున్నారు. నా పత్రికల షాపుకు అది పట్టింపు కాదు, కానీ ఏ ఆఫీసు మెషీన్‌లోనో పెట్టమంటే నేను ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాను. రెండోది, నా మొదటి పెన్‌డ్రైవ్ చవకగా దొరికిన 64 జీబీ, అంత చోటు అందులో నిజంగా లేదు, సగం దాటాక కాపీ చేసిన ఐఎస్ఓలు ఏవీ బూట్ కాలేదు. అది వెంటాయ్ తప్పని నెల రోజులు తిట్టుకున్నాను.

యూపీఎస్‌కు 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ వేయించాను. రెండో పెన్‌డ్రైవ్ ఒకటి కౌంటర్ సొరుగులో పెట్టి, ఎఫ్4 అని స్టిక్కర్ అంటించి మా ఆవిడకు చూపించాను. మీది పాత బయోస్ మెషీన్, రెండు సిస్టమ్‌లు, రేపు పొద్దున ఇవ్వాల్సిన పని ఉంటే కళ్లు మూసుకుని ఒకటి చేసిపెట్టుకోండి. కొత్త లాప్‌టాప్ అయితే, విండోస్ ఒక్కటే అయితే, ఏమో, ఎఫ్4 మీకెప్పుడూ అక్కర పడకపోవచ్చు. నా లెక్కన ఐదుకు నాలుగు స్టార్లు. ఐదోది బావమరిది దగ్గర ఆగింది, ఆ రోజు నుంచి నేను ఇంటికి పోతే ముందు లాప్‌టాప్ తీసి బీరువాలో పెడుతున్నాడు.