స్టోన్‌వేర్ గిన్నెలు కొనేముందు బోర్లించి అడుగు చూడండి

ఒంగోలులో ఈమధ్య జరిగిన చేతివృత్తుల ప్రదర్శనలో స్టోన్‌వేర్ (ఎక్కువ వేడిలో గట్టిగా కాల్చిన మట్టి) గిన్నెలు, కప్పులు కొన్నవారు దయచేసి ఇది చదవండి.

పైకి చూడముచ్చటగానే ఉన్నాయి. అడుగు మాత్రం చెయ్యి గీరుకుపోయేంత గరుకు. చీమకుర్తి గెలాక్సీ రాయి పరిచిన మా వంటింటి గట్టు మీద ఒక గిన్నెను కాస్త పక్కకు జరపగానే, నల్లటి నునుపు మీద నెలవంకలా తెల్లటి గీత పడింది. ఎంత తుడిచినా పోలేదు. భోజనాల బల్ల మీది అద్దానికీ అదే గతి పట్టింది.

బట్టీలో కరిగిన గ్లేజు (గిన్నె మీద గాజులా మెరిసే పూత) కింది పలకకు అంటుకోకుండా అడుగు అంచుకు గ్లేజు వేయరు. పలకకు మాత్రం అల్యూమినా అనే పొడి, చీనామట్టి కలిపిన పూత పూస్తారు. ఆ పూత రవ్వలు కాలేటప్పుడు అంచుకు పట్టేస్తాయి. గాజుకన్నా, గ్రానైటుకన్నా అల్యూమినా గట్టిది మరి! బట్టీ నుంచి తీశాక ఆ అంచును రుద్ది నునుపు చేయాల్సింది తయారుచేసినవారే.

ఫోను చేస్తే అమ్మినాయన "ఉప్పు కాగితంతో రుద్దుకోండమ్మా, సరిపోతుంది" అన్నాడు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఈ మాటే. పొడిగా రుద్దితే సిలికా ధూళి లేస్తుంది. ఏళ్ళ తరబడి పీల్చినవారికి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చేది అదే. రాళ్ళు కోసి బతికేవారున్న మన జిల్లాలో ఆ జబ్బు పేరు కొత్త కాదు. రెండు గిన్నెలు రుద్దినంత మాత్రాన అది రాకపోవచ్చు. అయినా పసిపిల్లలు తిరిగే ఇంట్లో ఆ ధూళి లేపమని ఎలా చెబుతారు?

వెనక్కి ఇవ్వడం కుదరనివారు తడిపి మాత్రమే రుద్దండి. పెయింటర్లు వాడే నల్లటి వాటర్ పేపర్ తెచ్చుకుని, 220 నంబరుతో మొదలుపెట్టి 400తో ముగించండి. అంచును మాటిమాటికీ నీళ్ళలో ముంచుతూ రుద్దాలి. వచ్చిన బురదను ఆరకముందే తడిగుడ్డతో తీసేయాలి. గ్లేజు కారి గాజుపెంకులా పొడుచుకొచ్చిన చోట మాత్రం చెయ్యి పెట్టకండి, వేలు తెగుతుంది. మామూలు కుండలకు, చట్లకు ఇవేవీ వద్దు. తక్కువ వేడిలో కాలిన ఆ మట్టి రుద్దితే అరిగిపోతుంది, కింద కుదురు ఉంటే చాలు.

మాకు బిల్లు ఇవ్వలేదు. మార్చి ఇమ్మంటే ఒప్పుకోలేదు. తర్వాత నెల్లూరులో దుకాణం పెడుతున్నామని వాళ్ళే చెప్పారు. నెల్లూరువారూ, డబ్బు ఇవ్వకముందే ప్రతి గిన్నెనూ బోర్లించి చూడండి, గరుకుగా ఉంటే అక్కడే రుద్ది ఇమ్మనండి, బిల్లు అడిగి తీసుకోండి. పేచీ వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు.