'రీఫండబుల్' అని పచ్చగా రాసి ఉన్నా కింద చదవాల్సిందే

అమ్మాయి డల్లాస్‌లో, తమ్ముడు సింగపూర్‌లో ఉండటంతో మా ఇంట్లో విదేశీ టికెట్లు తీసే పని ఏళ్లుగా నాదే. రకరకాల ఎయిర్‌లైన్ల టికెట్లు అమ్మే బుకింగ్ పోర్టల్‌లో తీశాను, ఎయిర్‌లైన్ సొంత సైట్‌లో తీశాను, శ్రీకాకుళంలో తెలిసిన ఏజెంటు దగ్గరా తీశాను. మూడు చోట్లా కేన్సిల్ కూడా చేశాను. డబ్బు కట్టించుకునేటప్పుడు అందరూ మర్యాదస్తులే. వెనక్కి అడిగినప్పుడే ఎవరి సంగతేమిటో తెలుస్తుంది.

పోర్టల్‌లో ధర పక్కన పచ్చరంగులో 'రీఫండబుల్' అని ఉంటుంది. దాని కింద చిన్న అక్షరాల్లో 'ఫేర్ రూల్స్' అని ఇంకో లింకు. అసలు కథ అక్కడుంది. కేన్సిల్ చేస్తే ఎయిర్‌లైన్ కోత మనిషికి ఇంత, దాని మీద పోర్టల్ ఫీజు ఇంత. ఇద్దరికి తీస్తే రెండింతలు. మొదట కట్టిన కన్వీనియన్స్ ఫీజు ఎలాగూ రాదు. ఇంకా కిందికెళితే 'నో షో' అని వేరే వరుస ఉంటుంది. ముందుగా చెప్పకుండా విమానం ఎక్కకపోతే పడే దెబ్బ అది. ఫోన్‌లో బుక్ చేసేవాళ్లు ఇంత కిందికి వెళ్లరని వాళ్లకీ తెలుసు.

మన దేశంలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నిబంధనల ప్రకారం రీఫండ్ లేని టికెట్‌కైనా పన్నులు, యూడీఎఫ్ (యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు) లాంటి ఎయిర్‌పోర్టు చార్జీలు తిరిగి ఇవ్వాలి. కేన్సిలేషన్ చార్జీ బేస్ ఫేర్ (పన్నులు కలపని అసలు టికెట్ ధర), ఫ్యూయల్ సర్‌చార్జీ కలిపిన మొత్తాన్ని దాటకూడదు. అందుకే కస్టమర్ కేర్ వాళ్లు "ఏమీ రాదండి" అన్నా నేను ఫోన్ పెట్టను. అయితే విదేశీ ఎయిర్‌లైన్ రీఫండ్‌కి వాళ్ల దేశపు రూల్స్ వర్తిస్తాయి. టికెట్ ఎవరిదో చూసుకున్నాకే గొడవకు దిగాలి.

అమెరికా ప్రయాణాలకు వెసులుబాటు ఎక్కువ. బయల్దేరడానికి కనీసం 7 రోజులు ఉండి, నేరుగా ఎయిర్‌లైన్ దగ్గరే కొంటే, 24 గంటల్లో రద్దు చేసుకున్నా పూర్తి డబ్బు ఇవ్వాలి. లేదంటే డబ్బు కట్టకుండానే ఆ ధరకు 24 గంటలు టికెట్ ఆపి ఉంచాలి. మా అమ్మాయికి సెలవు దొరుకుతుందో లేదో తేలేది ఈ 24 గంటల్లోనే. విమానం వాళ్లే రద్దు చేసినా, 6 గంటలు, అంతకన్నా ఎక్కువ ఆలస్యమై మనం ప్రయాణం మానుకున్నా, డబ్బు రూపంలోనే ఇవ్వాలని 2024లో అక్కడ రూల్ వచ్చింది. ముందు వోచర్ చూపిస్తారు. దానికి సరే అన్నామంటే డబ్బు ఆశ వదులుకున్నట్టే.

మన జిల్లా వాళ్లకి అసలు టెన్షన్ విశాఖ నుంచి ఢిల్లీకో హైదరాబాద్‌కో వెళ్లే మొదటి విమానంతోనే. చవగ్గా వస్తుందని దాన్ని వేరే పీఎన్ఆర్‌లో, అంటే విడి టికెట్‌గా తీస్తారు. అది లేటైతే పెద్ద విమానం వాళ్లకు సంబంధం లేదు, మనది నో షో. పైగా వెళ్లే ప్రయాణం ఎక్కకపోతే రిటర్న్ కూడా చాలావరకు తీసేస్తారు. ఒకే పీఎన్ఆర్ అయితే తర్వాతి విమానంలో పంపే బాధ్యత వాళ్లదే. మా వదిన వెళ్లినప్పుడు విశాఖ విమానం రద్దయితే మర్నాడు అదనపు పైసా లేకుండా పంపించారు. ఆ నిశ్చింత కోసం కొంచెం ఎక్కువైనా నేను ఒకే టికెట్ తీస్తాను.

ఏజెంటు దగ్గర సుఖం ఏమిటంటే, మనిషి ఎదురుగా ఉంటాడు. కానీ కోత ఎంతని అడిగితే, "ఎల్లకముందే కేన్సిల్ మాటేటమ్మా, శుభమా అని టికెట్ తీస్తుంటే!" అంటాడు. అయినా అడగాలి, కాగితం మీద రాయించుకోవాలి. ఉద్దానం నుంచి గల్ఫ్‌కి వెళ్లే కుర్రాళ్లకు ఇచ్చే గ్రూప్ ఫేర్లు మరీ కచ్చితం, తేదీ మార్చడం కూడా కష్టమే. వీసా చేతికి రాకుండా వాటి జోలికి పోవద్దు. రీఫండ్ ఏజెంటు ఖాతాకి వచ్చి, అక్కడి నుంచి మనకు రావాలి కాబట్టి ఆలస్యం మామూలే.

ఐదుకి నా మార్కులు: పోర్టల్‌కి రెండు, ఏజెంటుకి మూడు, ఎయిర్‌లైన్ సొంత సైట్‌కి నాలుగు. ఆ ఒక్కటీ తగ్గించింది వాళ్ల కాల్ సెంటర్ ఫోన్ ఎత్తడానికి పట్టే టైముకి.