చీటీ చూసి పాత వయొలిన్ కొనకండి

పాత వయొలిన్ కోసం తిరుగుతున్నవాళ్లు ఇది చదివాకే డబ్బు తియ్యండి. నాకు 60 వేలు వదిలింది.

హైదరాబాద్‌లో పాత సామాన్లు అమ్మే ఒకాయన దగ్గర కొన్నాను, పేరు రాయను. ఎఫ్ ఆకారపు కన్నంలోకి టార్చి కొట్టి చూపించాడు: పసుపెక్కిన చీటీ, ‘ఆంటోనియస్ స్ట్రాడివారియస్ క్రెమొనెన్సిస్ ఫేసియెబాట్ అన్నో 1721’. అంటే ఇటలీలోని క్రెమొనాలో పేరుమోసిన వయొలిన్ల తయారీదారు స్ట్రాడివరి 1721లో చేసిందని. "అసలుదో కాదో నేను చెప్పలేను సార్, మీ అదృష్టం" అన్నాడు. అసలుదే అనుంటే అనుమానపడేవాణ్ణి. ఆ నిజాయితీకే పడిపోయాను!

ఇంటికొచ్చి శ్రుతి చేస్తే బిరడాలు జారుతున్నాయి. షడ్జం నిలిచేలోపు పంచమం దిగిపోతోంది. రిపేరు చేసే పెద్దాయన చీటీ వంక చూడనే లేదు. అంచు చుట్టూ ఉన్న నల్లగీతని గోటితో గీకి, "ఇది పొదిగింది కాదు బాబూ, సిరా" అన్నారు. మంచి పనిలో అక్కడ సన్నటి చెక్కపట్టీని గాడిలో దించుతారు, అంచున వచ్చిన పగులు లోపలికి పాకకుండా. తర్వాత చిన్న అద్దం లోపలికి దించి చూపించారు. బాస్‌బార్‌ని, అంటే పైపలక లోపలివైపు పొడుగునా ఉండే చెక్కపట్టీని, విడిగా చేసి అతికించలేదు, పైపలక తొలిచేటప్పుడే దిమ్మలా వదిలేశారు. చవక పని.

స్ట్రాడివరి 1737లో పోయాడు. ఆయన వయొలిన్లు ఇవాళ మిగిలినవి సుమారు 500, దాదాపు అన్నీ లెక్కలో ఉన్నవే. ఆ చీటీ మాత్రం జర్మనీలోని మార్క్‌నొయ్‌కిర్షెన్ లాంటి ఊళ్ల నుంచి ఎగుమతైన వేలకువేల వయొలిన్లలో అచ్చేసి అంటించారు. ఏ నమూనాలో చేశారో చెప్పడానికి అంటించిందది, అప్పట్లో కొన్నవాళ్లకీ తెలుసు. ఇప్పుడు దాన్ని చూపించి ధర పెంచుతున్నారు. చీటీ కింద ‘జర్మనీ’ అని అచ్చై ఉంటే చాలావరకు 1891 తర్వాతదే, దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా పెట్టిన నిబంధన అప్పుడే అమల్లోకొచ్చింది. నాదాంట్లో సరిగ్గా ఆ అడుగు వరసే చిరిగి ఉంది. పురుగు కొట్టేసిందనుకున్నా.

ఎక్కడిదో పెద్దాయన కూడా ఖాయంగా చెప్పలేదు. 15 వేలకైతే మంచి బేరమే అన్నారు. నిజమే, వెనక పలక మేపుల్ చారలు దీపం కింద అటూఇటూ తిప్పితే కదులుతున్నట్టుంటాయి, మంద్రంలో నాదం నిండుగా ఉంది. దాని మీద నాకు కోపం లేదు.

కొనేముందు వాయించేవాళ్లని వెంటబెట్టుకెళ్లండి. వెనక పలకలో సౌండ్‌పోస్ట్ (లోపల రెండు పలకల మధ్య నిలబెట్టే చిన్న కర్ర) ఆనే చోట పగులుంటే బేరమే వద్దు, బాగుచేయించే ఖర్చు వయొలిన్ ధరని మించిపోతుంది. అమ్మేవాడు చెప్పిన ప్రతి ముక్కా బిల్లులో రాయించుకోండి. నాది వెనక్కి తీసుకోమంటే బిల్లే చూపించాడు: ‘పాత వయొలిన్ - 1, పెట్టెతో’.