గొయ్యిలో పద్దెనిమిదేళ్లు: కాకినాడ సెల్లార్ బార్ మీద నా సమీక్ష

బోర్డు మీద వేరే పేరుంది గానీ ఆ పేరుతో దీన్ని పిలిచే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. "గొయ్యిలో ఉన్నా, వచ్చెయ్" అంటే చాలు, మా స్నేహితులందరికీ అర్థమైపోతుంది. 2007 నుంచి వెళ్తున్నాను, నెలకి రెండు మూడు సార్లు, ఎక్కువగా ఒక్కణ్ణే. ఒకసారి వెళ్లొచ్చి రాసింది కాదు కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

అసలు మన డెల్టాలో సెల్లార్ తవ్వడమే ఒక సాహసం. నాలుగడుగులు తవ్వితే నీళ్లొచ్చే నేల, ఉప్పుటేరు దగ్గర్లోనే, సముద్రం ఆ పక్కనే. అలాంటి చోట పదమూడు మెట్లు కిందికి దిగి కూర్చునే బార్ ఇది. ఒక మూల సంప్, దాని మీద చెక్క మూత, లోపల చిన్న మోటారు. అరగంటకోసారి గుర్రుమని మొదలై రెండు మూడు నిమిషాలు నీళ్లు తోడి ఆగిపోతుంది. కొత్తవాళ్లు ఉలిక్కిపడతారు, పాతవాళ్లు మాట కూడా ఆపరు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువున్నప్పుడు మోటారు ఎక్కువసార్లు ఆడుతుందని ఇక్కడి సప్లయర్ బాబాయ్ లెక్క. ఇన్నేళ్లలో నేను చూసినంతవరకు ఆ లెక్క తప్పలేదు.

బాబాయ్ మొదటి నుంచీ ఉన్న మనిషి. ఈ చోటు కథంతా నాకు ఆయన నోటి నుంచి ముక్కలు ముక్కలుగా తెలిసిందే. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, 1993లో సారా పోయింది, ఎన్టీఆర్ మళ్లీ గెలిచాక 1995 జనవరిలో మొత్తం మద్యమే పోయింది. ఆ ఆడవాళ్లది న్యాయమైన పోరాటం, ఆ మాట బార్ సమీక్షలోనైనా చెప్పాలి, ఎందుకంటే మా మేనత్త కాపురాన్ని సారా ఏం చేసిందో నేను చిన్నప్పుడు కళ్లారా చూశాను. సరే, బార్ మూతపడ్డాక ఓనరు ఈ సెల్లార్‌ని సైకిల్ స్టాండుకి అద్దెకిచ్చాడు. సినిమాలకి వచ్చేవాళ్లు సైకిళ్లు ఇక్కడ పెట్టి టోకెన్ తీసుకుని వెళ్లేవారట. ఎడమవైపు గోడని దగ్గరగా చూడండి, నడుము ఎత్తులో వరసగా గీతలుంటాయి, సైకిల్ హ్యాండిళ్లు రాసుకుపోయిన గుర్తులు అవి. ఆ తర్వాత ఎన్నిసార్లు సున్నం వేసినా ఆ గీతలు పూడలేదు. వేలు పెట్టి రాస్తే ఒకటి రెండు చోట్ల గోరు దిగేంత లోతున్నాయి.

ఆ రెండేళ్లు బాబాయ్ యానాంలో ఒక షాపులో పనిచేశాడు. ఇక్కణ్ణించి సుమారు 30 కిలోమీటర్లు. 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉండి తర్వాత పుదుచ్చేరి కింద ఉన్న ఊరు కాబట్టి మన నిషేధం అక్కడ వర్తించలేదు. సాయంత్రం బస్సులు కిటకిటలాడేవట, తిరుగు బస్సులో ఎవరి సంచీ ఎవరు తనిఖీ చేస్తారో అని అందరికీ టెన్షనేనట. 1997లో నిషేధం ఎత్తేశారు, బార్ మళ్లీ తెరిచారు, ఓనరు కబురు పెట్టగానే ఈయన వచ్చేశాడు.

ఇప్పుడు అసలు విషయం. నేను ఇన్నేళ్లు ఇక్కడికే రావడానికి కారణం నమ్మకం. క్వార్టర్ చెబితే సీసా టేబుల్ మీదికొస్తుంది, సీలు మన ముందే తీస్తారు. పెగ్గు చెబితే కొలత మన కళ్లెదుటే. ఇదే ఊళ్లో ఇంకో పెద్ద ఏసీ బార్‌లో నీళ్లు కలిపిన పెగ్గులకి డబ్బు కట్టి వచ్చాను, అడిగితే దురుసుగా మాట్లాడారు కూడా. ఇక్కడ ఒక్కసారి కూడా అలా జరగలేదు. 2019 అక్టోబరులో షాపులు ప్రభుత్వమే నడపడం మొదలుపెట్టాక ఎప్పుడూ వినని బ్రాండ్లు వచ్చాయి, 2020 మేలో రేట్లు 75 శాతం పెరిగాయి. సరుకు సర్కారు డిపో నుంచే రావాలి కాబట్టి బార్ల చేతిలోనూ ఏమీ లేదు. ఆ రోజుల్లో ఒకసారి బాబాయ్ ఒక సీసా తెచ్చి లేబుల్ నా వైపు తిప్పి పెట్టాడు.

"ఈ పేరు నేనూ ఎప్పుడూ వినలేదు బాబూ. తాగమని నేను చెప్పలేనండి, బీరు తీసుకోండి పోనీ."

"బీరయినా తెలిసిందేనా బాబాయ్?"

"అదీ అంతేనండి. నెత్తళ్లు తిని వెళ్లండి ఈ రోజుకి."

తన వ్యాపారం పోతుందని తెలిసీ అలా చెప్పినవాళ్లని నేను ఇంకెక్కడా చూడలేదు.

తిండి విషయానికొస్తే నెత్తళ్ల (చిన్న చేపల) వేపుడు ఒక్కటి చాలు. కరివేపాకు వేసి కరకరలాడేలా వేయిస్తారు, పైన నిమ్మకాయ పిండుకోవడమే. కోడిగుడ్డు పొరటు బాగుంటుంది. చికెన్ పకోడీ వద్దు, నూనె వాసన. సోడా ఎప్పుడూ చల్లగానే ఉంటుంది.

లోపాలు దాచను. బాత్రూమ్ ఎప్పుడూ తడే, చెప్పి చెప్పి విసుగొచ్చింది. వానాకాలం గోడలకి చెమ్మ పట్టి ఒక రకం ముక్కిపోయిన వాసన వస్తుంది, ఆస్తమా ఉన్నవాళ్లు దిగకండి. ఫోన్ సిగ్నల్ ఉండదు, ఇంట్లో ముందే చెప్పి రండి. బండి మీద మాత్రం రావద్దు, పైన ఆటోలు దొరుకుతాయి.

యాంకరేజ్ పోర్టులో ఓడలకి బియ్యం చేరవేసే బార్జీల మీద పనిచేసేవాళ్లు, మెడికల్ రెప్‌లు, రిటైరైన గుమాస్తాలు, అందరూ అవే ప్లాస్టిక్ కుర్చీల్లో. లుంగీలో వచ్చినా బాబాయ్ "రండి, కూర్చోండి" అనే అంటాడు. 2024 అక్టోబరులో షాపులు మళ్లీ ప్రైవేటుకిచ్చి, 99 రూపాయల క్వార్టర్ వచ్చాక ఇక్కడ జనం కొంత పలచబడ్డారు. బాబాయ్‌కి కూడా మోకాళ్ల నొప్పులు, పైనున్న వంటగదికి మెట్లెక్కడం తగ్గించాడు, ప్లేట్లు ఇప్పుడు ఒక కుర్రాడు తెస్తున్నాడు.

వెళ్తే ఏడింటికి ముందే వెళ్లి ఎడమ గోడ పక్క రెండో టేబుల్ అడగండి, గీతలు బాగా కనిపించేది అక్కడే. అమావాస్య రోజయితే కుడివైపు కూర్చోండి, అటు నేల పొడిగా ఉంటుంది.